ఓటరు స్వార్థం తప్పు కాదు, సగం లెక్కే తప్పు

సంపాదకులకు,

ఎన్నికలు దగ్గరపడగానే మన పత్రికల్లో ఓటరుకు హితబోధ మొదలవుతుంది. నోటు తీసుకోవద్దు, ఉచితాలకు ఆశపడొద్దు, స్వార్థం మానుకుని ఓటెయ్యి అని. ఫలితాలొచ్చాక ఓడినవాళ్లు అదే మాటను తిట్టుగా మార్చి, జనం అమ్ముడుపోయారంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఓటర్ల మీద ఈ నింద మరీ తేలిగ్గా పడుతుంది, వెనకబడిన ప్రాంతం కదా అని. తన బాగు చూసుకుని ఓటేయడంలో తప్పేమీ లేదని నా గట్టి అభిప్రాయం. చిక్కంతా ఆ బాగును సగమే లెక్కపెట్టుకోవడంలో ఉంది. చేతికొచ్చిన సొమ్ము లెక్కలోకి వస్తుంది, చేజారిపోయిన సొమ్ము రాదు. ఇంటికి అందింది గుర్తుంటుంది, ఊరికి అందాల్సింది గుర్తుండదు. ఎందుకిలా జరుగుతోందో మన జిల్లాల సంగతులతోనే వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు ఒక అన్యాయం సరిదిద్దాలి. మనం పేదవాడి స్వార్థానికి మాత్రమే స్వార్థమని పేరు పెట్టాం. 2004 సెప్టెంబరు తర్వాత సర్వీసులో చేరిన ఉద్యోగులు సీపీఎస్ (ఉద్యోగి జీతంలోంచి వాటా కోసే పింఛను విధానం) రద్దు చేస్తామన్న పార్టీ వైపు మొగ్గితే అది హక్కుల కోసం పోరాటం. 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో, కొత్త విధానంలో ఏడాదికి రూ. 12 లక్షల ఆదాయం దాకా పన్ను ఉండదన్నారు. నాలుగు రోజుల తర్వాత ఢిల్లీలో పోలింగ్ జరిగింది. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు, మధ్యతరగతికి ఊరట అన్నారు. మందసలోనో మెరకముడిదాంలోనో ఒక ముసలమ్మ పింఛను పెంచుతామన్నవాళ్లకి ఓటేస్తే మాత్రం తాయిలాలకు లొంగిపోయిందంటాం. రుణమాఫీ కోరే రైతు, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం చూసే నిరుద్యోగి, పెండింగ్ బిల్లుల కోసం ఎదురుచూసే కాంట్రాక్టరు, వీళ్లంతా చేసేది ఒకే పని.

ఆ ముసలమ్మ లెక్క ఎంత బాగా పనిచేసిందో చూడండి. 2014లో పింఛను రూ. 200. ఆ అక్టోబరులో రూ. 1,000 అయింది. 2019 ఎన్నికల ముందు రూ. 2,000. ప్రభుత్వం మారాక రూ. 2,250తో మొదలై విడతలవారీగా 2024 జనవరికి రూ. 3,000. మళ్లీ ప్రభుత్వం మారాక 2024 జులై నుంచి రూ. 4,000. పదేళ్లలో ఇరవై రెట్లు. దయతో ఏ ప్రభుత్వమూ ఇంత పెంచదు. ఒకడు రెండన్నాడని ఇంకొకడు మూడన్నాడు, మూడన్నాడని మరొకడు నాలుగన్నాడు. ఓటు కోసం పోటీపడి పెంచారు. వృద్ధులు, వితంతువులు తమ అవసరం చూసుకుని ఓటేశారు కాబట్టే ఈ పెంపు వచ్చింది. దీన్ని నేను ప్రజాస్వామ్యం సాధించిన మేలుగానే చూస్తాను.

అయితే ఇచ్చినవాళ్లకే జనం ఓట్లేస్తారా? అదీ నిజం కాదు. 2019లో పసుపు-కుంకుమ పేరుతో డ్వాక్రా మహిళలకు మూడు చెక్కులుగా రూ. 10,000 అందాయి. ఏప్రిల్ 11న పోలింగ్ జరిగితే ఇచ్చిన పార్టీ 175లో 23 స్థానాల దగ్గర ఆగిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఐదేళ్లూ బటన్ నొక్కి ఖాతాల్లో డబ్బు వేసింది, 2024లో 151 నుంచి 11కి పడిపోయింది. ఉమ్మడి విజయనగరం జిల్లాలో 2019లో తొమ్మిదికి తొమ్మిది స్థానాలు వైఎస్సార్‌సీపీవి, 2024లో తొమ్మిదికి తొమ్మిది కూటమివి. పుచ్చుకున్న చెయ్యి పెట్టిన చేతికే ఓటేస్తుందన్న సూత్రం మన కళ్లముందే రెండుసార్లు విఫలమైంది. అందింది ఎలాగూ అందింది, ఇకముందు ఏం అందుతుందన్నదే ఓటరు చూస్తాడు.

మన ఓటరుకు లెక్క తెలియదనుకునేవాళ్లు 2019 శ్రీకాకుళం లోక్‌సభ ఫలితం చూడాలి. ఆ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఐదు వైఎస్సార్‌సీపీ గెలిచింది. ఎంపీగా మాత్రం తెలుగుదేశం అభ్యర్థి ఏడువేల లోపు ఆధిక్యంతో గెలిచారు. అదే రోజు, అదే బూత్‌లో, పక్కపక్కనే పెట్టిన రెండు యంత్రాల మీద వేలమంది రెండు వేర్వేరు గుర్తులు నొక్కారు. ఊరి పనికి ఎవరు, ఢిల్లీ పనికి ఎవరు అని విడదీసి ఆలోచించగలవాళ్లకి రాజకీయ జ్ఞానం లేదనడం తగదు.

ఈ విషయం మీద పరిశోధనలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. అమెరికాలో డొనాల్డ్ కిండర్, రోడెరిక్ కీవియట్ 1970 దశకం చివర్లో, 1980ల మొదట్లో చేసిన అధ్యయనాల్లో తేలిందేమిటంటే, ఓటర్లు సొంత జేబు పరిస్థితి కంటే దేశం మొత్తం ఆర్థిక పరిస్థితి ఎలా ఉందన్నదే ఎక్కువగా చూస్తారని. అక్కడి మాట ఇక్కడికి అచ్చంగా వర్తిస్తుందని అనను. కానీ స్వార్థం అంటే జేబు ఒక్కటే అనుకోకూడదన్న హెచ్చరికగా పనికొస్తుంది.

ఇక పంపకాల సంగతి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి రూ. 40 లక్షలు, లోక్‌సభకు రూ. 95 లక్షలు. ఒక నియోజకవర్గంలో లక్షమందికి వెయ్యి చొప్పున పంచితే అక్కడికే రూ. 10 కోట్లు. పరిమితికి పాతిక రెట్లు. ఫలితం గ్యారంటీ లేదని తెలిసీ ఎందుకు పంచుతారు? ఎదుటివాడు పంచుతున్నాడు కాబట్టి. ఇవ్వకపోతే "వీడు ఓటమి ఒప్పేసుకున్నాడు" అన్న పేరు వస్తుందని భయం. రెండు వైపులా పంచాక రెండూ కొట్టుకుపోతాయి, మిగిలేది ఖర్చు. పైగా ఆ డబ్బు అభ్యర్థి నుంచి మండల నాయకుడికి, అక్కడి నుంచి ఊరి నాయకుడికి, అక్కడి నుంచి వీధి మనిషికి చేరి, ప్రతి మెట్టు దగ్గరా కొంత తగ్గుతుంది. ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగే మనిషి తన సొంత లెక్క కూడా వేసుకుంటాడు. ఎదుటి పార్టీ వీధికి చేరాల్సిన కవర్లు చేరవు, చేరినట్టు జాబితాలో టిక్కులు మాత్రం పడతాయి. పోలింగ్ ముందురోజు రాత్రి "పక్క వీధికిచ్చి మాకెందుకివ్వరు" అనే గొడవలకు మూలం ఇదే.

"రెండువేలు ఐదేళ్లకు పంచితే రోజుకు రూపాయి" అన్న లెక్క చైతన్య సభల్లో అందరూ చెబుతారు. లెక్క సరైనదే, కానీ ఎవరినీ మార్చదు. ఎందుకంటే ఓటరు ముందు ఉన్న ఎంపిక రెండువేలా, మంచి పాలనా అన్నది కాదు. ఆ కవరు వద్దన్నా రోడ్డు రాదు, పుచ్చుకున్నా రోడ్డు ఆగదు అని ఆయనకు తెలుసు. రెండు లక్షల పైచిలుకు ఓట్లున్న నియోజకవర్గంలో తన ఒక్క ఓటుతో ఏదీ తేలదనీ తెలుసు. కాబట్టి రూపాయి లెక్క పక్కనపెట్టి, ఆ ఇంటి నుంచి వాస్తవంగా ఎంత పోతోందో చూపించాలి.

ధాన్యం తీసుకుందాం. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. మన దగ్గర 80 కిలోల బస్తా లెక్క కాబట్టి బస్తాకు రూ. 1,895. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. కల్లంలో తూచేటప్పుడు ఒక మాట, మిల్లు దగ్గర మరో మాట. తేమ ఎక్కువుందనో, నూక వస్తోందనో బస్తాకు రెండు కిలోలు, మూడు కిలోలు, ఒక్కోసారి ఐదు కిలోలు అదనంగా అడగడం ఈ జిల్లాల్లో ప్రతి సీజన్‌లో వినే ఫిర్యాదు. బస్తాకు మూడు కిలోలే అనుకుందాం. అంటే రూ. 71. ఎకరానికి 25 బస్తాలు పండితే 75 కిలోలు, రూ. 1,777. రెండెకరాల రైతుకు ఒక్క ఖరీఫ్‌లో రూ. 3,550కి పైన. ఐదు ఖరీఫ్‌లకు, ధర పెరగలేదనుకున్నా, రూ. 17,700 దాటుతుంది. ఆ ఇంట్లో నాలుగు ఓట్లుండి ఓటుకు రెండువేలు వచ్చినా రూ. 8,000. వచ్చినదానికి రెట్టింపు కంటే ఎక్కువ తూకం దగ్గరే పోయింది.

మరి ఇది ఓటులో ఎందుకు కనబడదు? మొదటిది, ఈ కోతకు రసీదు ఉండదు. చిత్తు కాగితం మీద బస్తాల సంఖ్య తగ్గుతుంది, డబ్బు తగ్గినట్టు ఎక్కడా రాయరు. రెండోది, కోత ప్రభుత్వం పేరుతో పడదు, మిల్లు పేరుతో పడుతుంది. అదుపు చేయాల్సింది పౌరసరఫరాల యంత్రాంగమైనా రైతు కోపం మిల్లు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మూడోది సమయం. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే కుప్పలు తడుస్తాయన్న భయంతో రైతు ఎంత అడిగినా ఒప్పేసుకుంటాడు. ఎన్నికలు వచ్చేది మండువేసవిలో, అప్పటికి ఆ కోపం చల్లారిపోతుంది. నాలుగోది, లారీ ఏర్పాటు చేసేవాడు, గోనెసంచులు ఇప్పించేవాడు, ఓట్లప్పుడు ఇంటికొచ్చేవాడు చాలా ఊళ్లలో ఒక్కడే.

దీనికి ఒక రైతు ఒంటరిగా చేయగలిగింది కొద్దిగానే ఉంది, కానీ ఉంది. ఈ-క్రాప్‌లో పంట నమోదు, ఈ-కేవైసీ కోతకు ముందే పూర్తి చేసుకోవాలి. అవి లేక ఆగిపోయిన ధాన్యమే దళారి చేతికి పోతుంది. రైతు సేవా కేంద్రంలో తేమ చూసినప్పుడు ఆ శాతం, తేదీ రాయించుకోవాలి. లారీ మిల్లుకు పోయే ముందు వేబ్రిడ్జి మీద తూకం చీటీ తీసుకుని ఫొటో తీసి పెట్టుకోవాలి. మిల్లులో తగ్గించిన కిలోలు అదే చీటీ వెనక రాసి దాచాలి. ఊళ్లో యాభైమంది ఆ చీటీలు ఒకచోట పెడితే అభ్యర్థి దగ్గర పెట్టగలిగిన లెక్క తయారవుతుంది. "రైతుల్ని ఆదుకోండి" అంటే అందరూ ఆదుకుంటామంటారు. "మా ఊళ్లో పోయిన ఖరీఫ్‌లో ఇన్ని క్వింటాళ్లు తూకంలో పోయాయి, వచ్చే ఖరీఫ్‌లో మిల్లు దగ్గర రెండోసారి తూకం లేకుండా చేయగలరా" అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు.

పింఛను పదేళ్లలో ఇరవై రెట్లు ఎందుకు పెరిగింది, తూకం ఎందుకు మారలేదు అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. పింఛనుకు ఒక అంకె ఉంది, అందే తేదీ ఉంది, అందుకునే మనిషి పేరు ఉంది. కాబట్టి దానిమీద పోటీ పడటం పార్టీలకు తేలిక. తూకానికి, మంచినీటికి, శివారు పొలం నీటికి, ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు ఆ మూడూ లేవు.

ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. డయాలసిస్ రోగికి పింఛను ఎంతన్నది ఎన్నికల మాట అయింది, ఇప్పుడది నెలకు రూ. 10,000. అది అవసరమే, ఇంకా ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. హిరమండలం జలాశయం నుంచి పైపులైన్‌తో ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో గానీ ప్రారంభం కాలేదు. ఇంత ఆలస్యానికి కారణాల్లో ఒకటి ఓటు లెక్కే. పింఛను తీసుకునే రోగికి ఎవరిచ్చారో తెలుసు. మంచి నీళ్లు తాగి, జబ్బు తొందరగా పసిగట్టి, డయాలసిస్ దాకా వెళ్లకుండా ఆగిపోయిన మనిషికి తాను ఆగిపోయానని తెలియదు. తెలియనివాడు కృతజ్ఞతతో ఓటెలా వేస్తాడు? అందుకే జబ్బు రాకుండా చేసే పనికి ఓట్లు తక్కువ, వచ్చాక ఆదుకునే పనికి ఓట్లు ఎక్కువ.

తుపానులకూ ఇదే వర్తిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి చెట్టుకు పరిహారం రూ. 1,500 చాలదు, రెట్టింపు చేస్తామన్నది ఎన్నికల వాగ్దానమైంది, ఆ తర్వాత రూ. 3,000 చేశారు. తోట కోల్పోయినవాడికి అది న్యాయమే. కానీ తుపాను షెల్టర్లకు మరమ్మతు, గెడ్డల పూడికతీత, తీరం వెంట సరుగుడు, తాటి వరసలు పెంచడం గురించి ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. అమెరికాలో ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే కనిపించింది. విపత్తు తర్వాత సాయం చేసిన పార్టీకి ఓట్లు పెరిగాయి, ముందస్తు ఏర్పాట్లకు ఖర్చు పెట్టినందుకు పెరగలేదు. ముందస్తుగా పెట్టే ఒక్క డాలరు తర్వాతి నష్టంలో సుమారు 15 డాలర్లు ఆదా చేస్తుందని కూడా వాళ్లే అంచనా వేశారు. అంటే ఓటరు లెక్కలో రాని పద్దు చిన్నదేమీ కాదు.

స్వార్థం నేరుగా తగిలే ఎన్నిక ఒకటుంది, దాన్ని మనం పట్టించుకోవడమే లేదు. సాగునీటి వినియోగదారుల సంఘాల ఎన్నికలు. 1997 చట్టం ప్రకారం ఏర్పడ్డ ఈ సంఘాల్లో ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే ఓటు. గొట్టా బ్యారేజీ నుంచి వంశధార ఎడమ కాలువ టెక్కలి, పలాస వైపు పోయేసరికి శివారుకు నీరు అందడం గగనం. తోటపల్లి కింద కూడా శివారు ఆయకట్టు బాధ అదే. కాలువ గట్టు కోసుకుపోవడం, తూముల తలుపులు ఊడిపోవడం, ఎగువన అనుమతి లేని మోటార్లు, గుర్రపుడెక్క, కారణాలు ప్రతి రైతుకూ తెలుసు. 2024 డిసెంబరులో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగితే చాలాచోట్ల పోటీ లేకుండా పార్టీ పెద్దలు చెప్పిన పేర్లే ఖాయమయ్యాయి. ఎగువ రైతుకు, దిగువ రైతుకు ప్రయోజనాలు వేరు. సంఘంలో దిగువవాళ్ల గొంతు లేకపోతే నీటి వంతుల పట్టిక ఎగువవాళ్లకు అనుకూలంగానే తయారవుతుంది. శాసనసభ ఎన్నికల్లో ఒక ఓటు విలువ సముద్రంలో చుక్క కావచ్చు. ఇక్కడ కొద్దిమందే ఓటర్లు, తేలాల్సింది సొంత పొలానికి నీళ్లు. ఇలాంటిచోట పార్టీ జెండా చూసి ఊరుకోవడాన్ని మాత్రం నేను తప్పుపడతాను.

ఆశతో వేసే ఓటు గురించి అందరూ మాట్లాడతారు, భయంతో వేసే ఓటు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. "ఎవరికేశావో మాకు తెలిసిపోద్ది" అన్న మాట పల్లెల్లో ఇప్పటికీ పనిచేస్తోంది. అందులో నిజమెంతో విడదీసి చెప్పుకోవాలి. ఒక మనిషి ఎవరికి ఓటేశాడో తెలిసే అవకాశం లేదు. యంత్రంలో ఓటరు పేరు, నంబరు నమోదు కావు. నొక్కిన గుర్తు చూపించే వీవీప్యాట్ చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది, చేతికి రాదు. ఓటేసే చోటికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. తాను ఎవరికి వేశాడో చెప్పమని ఏ కోర్టూ ఓటరును నిర్బంధించకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. ఇవన్నీ ప్రతి ఊళ్లో, ముఖ్యంగా పింఛనుదారులకు, ఒంటరి మహిళలకు అర్థమయ్యేలా చెప్పాలి.

అయితే బెదిరింపులో సగం నిజం కూడా ఉంది. మనిషి ఓటు తెలియదు గానీ బూత్ ఓట్లు తెలిసిపోతాయి. ఓట్ల లెక్కింపు తర్వాత అధికారులు తయారుచేసే ఫలితాల పట్టిక ఫారం 20లో ప్రతి బూత్‌లో ఎవరికెన్ని వచ్చాయో బహిరంగంగానే ఉంటుంది. వెయ్యి, పన్నెండు వందల ఓట్ల బూత్ అంటే ఒక ఊరో, రెండు వీధులో. ఎస్సీ వీధి, బెస్త వీధి, గిరిజన గూడెం ఎటు వేసిందో మర్నాటికి తెలిసిపోతుంది. తర్వాత ఐదేళ్లూ ఆ వీధికి సిమెంటు రోడ్డు ఆలస్యం, బోరు మరమ్మతు ఆలస్యం. "మాకు వెయ్యలేదుగా" అని మొహం మీదే చెప్పే నాయకులున్నారు. అందుకని ఊరు ఊరంతా గెలిచేవాడి వైపు ఉండాలని పెద్దలు ఒత్తిడి తెస్తారు, అదీ ఊరి స్వార్థమే, బతుకుతెరువు స్వార్థం. బ్యాలెట్ కాగితాల కాలంలో లెక్కించే ముందు పలు బూత్‌ల కాగితాలు కలగలిపే పద్ధతి ఉండేది. యంత్రాలొచ్చాక అది పోయింది. 14 బూత్‌ల యంత్రాలను కలిపి మొత్తం ఒకేసారి చూపించే టోటలైజర్ పెట్టాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ 255వ నివేదిక దాన్ని సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్‌ల వారీ అంకెలు ఉంటేనే పనితీరు తెలుస్తుందని ఒక వాదన. వీధుల మీద కక్ష సాధింపు చూసినవాళ్లెవరూ ఆ వాదనతో ఏకీభవించలేరు. మన ఎంపీలను, ఎమ్మెల్యేలను ఈ విషయంలో నేరుగా అడగాలి.

ఫిర్యాదు వ్యవస్థలో కూడా ఒక లోపం ఉంది. ఎన్నికల అక్రమాలపై ఫిర్యాదుకు ఎన్నికల సంఘం పెట్టిన సీ-విజిల్ యాప్‌లో ఫొటో గానీ చిన్న వీడియో గానీ యాప్ తెరిచి అప్పటికప్పుడు తీసి పంపాలి, ఫోన్‌లో దాచినవి పనికిరావు. 100 నిమిషాల్లో చర్య ఉండాలి. పేరు చెప్పకుండా పంపొచ్చు, కానీ అప్పుడు ఫిర్యాదు ఏమైందో తెలుసుకోలేం. పట్నాల్లో ఇది బాగానే నడుస్తుంది. రెండొందల ఇళ్ల ఊళ్లో అధికారుల జీపు వచ్చిందంటే ఎవరు పిలిచారో గంటలో తెలిసిపోతుంది. అన్నిటికంటే పెద్ద అడ్డంకి చట్టమే. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవాడే కాదు, పుచ్చుకున్నవాడూ నేరస్థుడే, 173 ప్రకారం ఏడాది దాకా జైలు. కవరు తీసుకున్న ఓటరు సాక్ష్యం చెప్పడానికి ఎందుకు ముందుకొస్తాడు? లంచం ఇవ్వక తప్పనివాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే నేరం కాదని అవినీతి నిరోధక చట్టానికి 2018లో సవరణ తెచ్చారు. అదే వెసులుబాటు ఓటరుకూ ఇవ్వాలి. ఏడు రోజుల్లో కవరు అప్పగించి చెప్పినవాడిని సాక్షిగా చూడాలి గానీ ముద్దాయిగా కాదు. అప్పుడు పంచేవాడికి ప్రతి గుమ్మమూ ప్రమాదంగా కనిపిస్తుంది.

వలస వెళ్లినవాళ్ల గురించి నాలుగు మాటలు. హైదరాబాద్, చెన్నై, విజయవాడల్లో భవన నిర్మాణంలోనో, గుజరాత్ వేరావల్‌లో బోట్ల మీదో ఏడాదిలో ఎక్కువ నెలలు గడిపే వేలమంది ఓటు మాత్రం ఇక్కడే ఉంది. వాళ్లు పనిచేసే ఊళ్లో కూలి రేటు, అద్దె గది, బోటు మీద భద్రత గురించి అక్కడి నాయకుడు పట్టించుకోడు, వీళ్లకు అక్కడ ఓటు లేదు. ఇక్కడి నాయకుడు తల్లిదండ్రుల పింఛను, ఇంటి స్థలం మాటే ఎత్తుతాడు. ఉన్నచోటి నుంచే ఓటేసే యంత్రం గురించి ఎన్నికల సంఘం 2022 చివర్లో ప్రతిపాదించినా పార్టీల అభ్యంతరాలతో ఆగింది. బస్సు టికెట్టు ఎవరు కొన్నారన్నదే ఆ ఓటు దిశను మార్చే పరిస్థితి అలాగే ఉంది. వేరావల్ వెళ్లిన మన జిల్లాల మత్స్యకారులు 2018లో పాకిస్థాన్‌కు చిక్కి 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. ఇక్కడే జెట్టీలు, చేపలరేవులు ఎప్పటికి పూర్తవుతాయన్నది తీరం వెంట ప్రతి ఊరూ తేదీతో సహా అడగాల్సిన ప్రశ్న.

చివరగా పంచాయతీ. ఇక్కడ వార్డుకు కొద్ది వందల ఓట్లే, ఒకటి రెండు ఓట్లతో తేలిపోవడం, సమానమైతే లాటరీ తీయడం మామూలు. కాబట్టి ఓటరు వివరాలు తెలుసుకోవడానికి పెట్టే శ్రమ వృథా పోదు. కానీ ఈ ఎన్నికలోనే ఏకగ్రీవం పేరుతో ఎంపిక పోగొట్టుకుంటున్నాం. 2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి రూ. 5 లక్షల నుంచి రూ. 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. దానికి తోడు గుడికో, కల్యాణ మండపానికో ఎక్కువ ఇస్తానన్నవాడికి సర్పంచి పదవి కట్టబెట్టే వేలం. గుడి కట్టడం మంచిదే. ఆ డబ్బు పెట్టినవాడు ఎలా రాబట్టుకుంటాడో మాత్రం ఆలోచించాలి. 2021-26 కాలానికి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నది నిబంధన. ఉపాధి హామీలో ఇన్నేళ్లూ నడిచిన 60:40 లెక్కలో కూలికి 60 శాతం పోగా సామగ్రి వాటా 40 శాతం దాకా. రాబట్టుకునే దారి ఇవే. కాలువ లేని వీధికి కాలువ కట్టినట్టు, రెండు ట్రాక్టర్ల కంకరకు నాలుగు ట్రాక్టర్ల బిల్లు పెట్టినట్టు కాగితాల మీద కనిపిస్తుంది. ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు, ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో పంచాయతీ పేరు కొడితే పని, మొత్తం, చెల్లింపు కనిపిస్తాయి. ఊళ్లో డిగ్రీ చదువుతున్న పిల్లలు ఒక ఆదివారం కూర్చుంటే గత ఐదేళ్ల జాబితా దిగుతుంది. దాన్ని పట్టుకుని ఊరంతా నడిచి, ఏది ఉంది, ఏది లేదు రాసుకోవాలి.

అభ్యర్థులను అడగాల్సింది కూడా అంకెతో, తేదీతో, చోటు పేరుతో అడగాలి. వాటర్ ట్యాంకు నెలకు ఎన్నిసార్లు కడుగుతారు, క్లోరిన్ పరీక్ష ఫలితం ఎక్కడ రాస్తారు. ఏ వీధి కాలువ ఏ నెలలోపు. గ్రామసభ జరిగిన రోజే తీర్మానాల నకలు నోటీసు బోర్డుకు అంటిస్తారా లేదా. అందరికీ చెందే హామీ లంచం కిందకు రాదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, కాబట్టి అడగడానికి జంకక్కర్లేదు. నలుగురైదుగురు అభ్యర్థులకూ ఒకే కాగితం ఇచ్చి, ఒప్పుకున్న వాటి పక్కన సంతకం చేయమనాలి. చేయనివాళ్లవి ఖాళీగానే వదిలి, ఆ కాగితాలన్నీ పోలింగ్‌కు వారం ముందు రచ్చబండ దగ్గర అతికించాలి. గెలిచినవాళ్ల కాగితం తీసేయకుండా తర్వాతి గ్రామసభకు తీసుకెళ్లాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం